తిరుపతి 517501, చిత్తూరు 517001: లెక్కల్లో ఏది మేలు?

మేముండేది తిరుపతిలో, అమ్మావాళ్లు చిత్తూరులో. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది కానీ, రెండు ఊళ్ల పిన్‌కోడ్‌లూ ఇప్పటికీ 517తోనే మొదలవుతాయి. తేడా సరిగ్గా 500. మొన్న ఎనిమిదో తరగతి చదివే మా పాప కవరు మీద అడ్రస్ రాస్తూ, "నాన్నా, వీటిలో ప్రధాన సంఖ్య ఏది?" అని అడిగింది. ఆ రాత్రే ఇద్దరం కూర్చున్నాం.

చిత్తూరు నంబరు త్వరగానే లొంగింది. 999 అంటే 27 × 37. అందుకే 37తో పోతుందో లేదో చూడాలంటే, కుడివైపు నుంచి మూడేసి అంకెలు విడదీసి కూడితే చాలు. 517కి 001 కలిపితే 518, అంటే 37 × 14. పోయినట్టే! భాగిస్తే 13973 వచ్చింది. అది మాత్రం చాలాసేపు మొండికేసి, చివరికి 89 దగ్గర తెగింది. కాబట్టి 517001 = 37 × 89 × 157. మూడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం, మొత్తం ఎనిమిది కారణాంకాలు.

తిరుపతి నంబరు అలా కాదు. 23తో భాగిస్తే శేషం 1, తృటిలో తప్పింది. (517500 అంటే 23 × 150², అదీ చూడముచ్చటైన సంఖ్యే.) 353తో శేషం 3. వర్గమూలం 719 కన్నా కాస్త ఎక్కువ కాబట్టి, 719 వరకు ఉన్న 128 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి. పాప నోటుబుక్‌లో నాలుగు పేజీలు శేషాలతో నిండిపోయాయి. 719కి శేషం 540 వచ్చాక పెన్సిల్ కింద పెట్టింది. 517501 ప్రధాన సంఖ్యే.

గొప్ప తిరుపతిదే అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. వర్గాల సంగతి చూశాక మనసు మారింది.

4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయొచ్చని 17వ శతాబ్దంలో ఫెర్మా చెప్పాడు, తర్వాతి శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు. తిరుపతికి ఆ ఒక్కటీ 699² + 170². చిత్తూరు కారణాంకాలు 37, 89, 157 మూడూ అదే జాతివి కావడంతో దానికి నాలుగు దారులున్నాయి: 245² + 676², 451² + 560², 701² + 160², 715² + 76². వీటిలో ఏ రెండు దొరికినా చాలు, భాగహారం చేయకుండానే అది ప్రధాన సంఖ్య కాదని తేలిపోతుంది.

పిల్లలతో బోర్డు మీద చేయించడానికి నా ఓటు చిత్తూరుకే. 37 చిట్కా, కారణాంకాలు, వర్గాల మొత్తాలు అన్నీ ఆ ఒక్క నంబరులోనే దొరుకుతాయి. భాగహారంలో ఓపిక నేర్పాలంటే మాత్రం తిరుపతి నంబరు ఇవ్వండి.

పాప అవ్వకు రాసిన ఉత్తరం చివర 37 × 89 × 157 అని వేసి, "ఇది మీ ఊరే అవ్వా" అని రాసింది.