మొదటి పాల్ చక్రవర్తి తైలచిత్రం: కాన్వాస్ ప్రతి సమీక్ష

రష్యా చక్రవర్తి మొదటి పాల్‌ను ఇటలీ చిత్రకారుడు సాల్వతోరె తొంచి చిత్రించిన తైలవర్ణ చిత్రానికి కాన్వాస్‌పై ముద్రించిన ప్రతిని తెప్పించుకుని, పగటి వెలుతురులోనూ దీపాల కిందా పరిశీలించాక ఈ సమీక్ష రాస్తున్నాను.

మూలచిత్రం 1798–1801 నాటిది. మాల్టా దీవిని ఏలుతుండిన నైట్లు బ్రహ్మచర్య దీక్ష పట్టిన కాథలిక్ యోధుల సంఘం. 1798 జూన్‌లో నెపోలియన్ ఆ దీవిని ఆక్రమించడంతో చెల్లాచెదురైన ఆ నైట్లలో రష్యాలో ఉన్నవారు, అదే ఏడాది పాల్‌ను తమ గ్రాండ్ మాస్టర్‌గా, అంటే సంఘాధిపతిగా, ఎన్నుకున్నారు. కాథలిక్ సంఘానికి ఆర్థడాక్స్ మతస్థుడు, అందునా గృహస్థు, అధిపతి కావడాన్ని పోప్ గుర్తించలేదు. అంత వివాదాస్పదమైన పదవికి సంబంధించిన కిరీటాన్నీ చిహ్నాలనూ ధరించి, పైన దాల్మాటిక్ అనే అంగీతో చక్రవర్తి ఈ చిత్రంలో దర్శనమిస్తాడు. కాబట్టి ఇక్కడ వేషభూషణాలు కేవలం అలంకారం కావు, రాజు తన హక్కును చాటుకునే తీరే అది. ఈ ముద్రిత ప్రతి మంచిచెడ్డలను తేల్చవలసిందీ వాటి దగ్గరే.

ముఖం బాగానే వచ్చింది. చప్పిడి ముక్కును తొంచి దాచలేదు, ముద్రణ కూడా దాచలేదు.

చిక్కు కిరీటం, వస్త్రాల దగ్గర మొదలవుతుంది. తైలవర్ణంలో పలుచని పారదర్శకమైన పూతలను ఒకదానిపై ఒకటి వేస్తే, వెలుతురు వాటిలోకి దిగి అడుగు పొరను తాకి వెనక్కి వస్తుంది. నిండు ఎరుపుకు లోతు, నీడకు వెచ్చదనం అలా కలుగుతాయి. ముద్రణ సిరా మాత్రం పైపూత మీదే నిలిచిపోతుంది కనుక ముదురు రంగులన్నీ ఒకే మట్టానికి వచ్చి, వస్త్రం మడతలు చాలాచోట్ల నల్లగా కలిసిపోయాయి. ఈ లోపాన్ని కప్పిపుచ్చడానికేమో, తయారీదారు మెరుపు వార్నిష్ దట్టంగా పూశాడు. ఫలితంగా దీపం వెలిగించగానే కిరీటం కంటే వార్నిషే ఎక్కువగా మెరుస్తోంది. కాన్వాస్ బిగింపు, చట్రం మూలలు మాత్రం నిక్కచ్చిగా ఉన్నాయి.

కొనదలచినవారు చిత్రకారుడి పేరు సరిచూసుకోవాలి, ఎందుకంటే ఇదే చక్రవర్తిని పట్టాభిషేక వస్త్రాలతో నిలువెత్తున బోరోవికోవ్‌స్కీ 1800లో గీసిన చిత్రం కూడా ప్రసిద్ధమే. మెరుపు లేని మందపాటి కాగితంపై ప్రతి దొరికితే, కాన్వాస్ మోజు మానుకుని దాన్నే తీసుకోమంటాను.