అనంతపురంలో మోటారు రీవైండింగ్: రాగి తీగ తేడా తెలిసిన షాపు

అనంతపురం టవర్ క్లాక్ సమీపంలోని ఒక చిన్న రీవైండింగ్ షాపులో మా తోట మోనోబ్లాక్ మోటారుకు గత నెల కొత్త వైండింగ్ (లోపలి తీగచుట్ట) చేయించాను. అంతకుముందు వేరొకచోట చుట్టినది రాగి పూసిన అల్యూమినియం తీగ అని ఇక్కడి మేస్త్రీ గీకి చూపించారు. అల్యూమినియం నిరోధకత (కరెంటును అడ్డుకునే గుణం) రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది కనుక, అదే మందపు తీగ ఎక్కువ వేడెక్కుతుంది.

కొత్త వైండింగ్ చల్లగా ఉన్నప్పుడు మీటరు 4 ఓముల నిరోధం చూపింది, గంటసేపు నడిపాక 4.7 చూపింది, అంటే తీగ సుమారు 45 డిగ్రీలు వేడెక్కింది. వేడికి నిరోధం ఇలా పెరగడం లోపం కాదు. 1928లో భౌతిక శాస్త్రవేత్త ఫెలిక్స్ బ్లాక్ నిరూపించినట్లు, పరమాణువులు ఖచ్చితమైన వరుసలో నిలిచిన స్ఫటికంలో ఎలక్ట్రాన్ తరంగం చెదరకుండా సాగిపోతుంది. దాన్ని దారి తప్పించేవి వేడికి కంపించే పరమాణువులు, మలినాలు, స్ఫటిక లోపాలు. గది ఉష్ణోగ్రత వద్ద శుద్ధమైన రాగిలో ఎలక్ట్రాన్ సగటున 40 నానోమీటర్లు, అంటే దాదాపు నూటయాభై పరమాణువుల దూరం, చెదరకుండా పోతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ దూరం తగ్గుతుంది. మలినాల వల్ల వచ్చే నిరోధం మాత్రం ఎంత చల్లబరిచినా పోదు. అందుకే పాత రాగి కరిగించి తీసిన, మలినాలు మిగిలే చౌక తీగను మేస్త్రీ వద్దనడం నాకు ఎంతో నచ్చింది.

తీగ గేజి, బరువు రశీదులో రాసిచ్చారు. వార్నిష్ ఆరలేదంటూ మూడు రోజులు ఆలస్యం చేశారు. వేరుశనగకు తడి అందాల్సిన వేళ అది మాకు కష్టమైంది.