సిష్వా లైట్‌హౌస్: దెయ్యం కోసమే అయితే అంత దూరం వద్దు

వేసవిలో పిల్లల దగ్గరికి చికాగో, డెట్రాయిట్ వెళ్లే హైదరాబాద్ అమ్మానాన్నలకు నయాగరా చూపించేస్తే అమెరికా అయిపోయినట్టే లెక్క. రెండు రోజులు తీరిక ఉంటే మిషిగన్ సరస్సు ఉత్తరపు ఒడ్డున, గలివర్ ఊరి దగ్గరున్న ఈ లైట్‌హౌస్ వైపు వెళ్లొచ్చు. బోర్డు మీద ఫ్రెంచి స్పెల్లింగు (Seul Choix) ఉంటుంది, అక్కడివాళ్లు సిష్వా అంటారు.

1892లో తాత్కాలిక దీపంతో మొదలై, 1895కి పూర్తయింది. ఎత్తు సుమారు 24 మీటర్లు, మన చార్మినార్‌లో సగం కూడా ఉండదు. దీపం ఇప్పటికీ వెలుగుతూనే ఉంది. పక్కనే కాపలాదారు కుటుంబం ఉన్న ఇటుకల ఇల్లు, ఇప్పుడది మ్యూజియం. కథంతా ఆ ఇంటిదే.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన కెప్టెన్ జోసెఫ్ టౌన్‌షెండ్ ఇక్కడ కాపలాదారు. 1910లో ఈ ఇంట్లోనే పోయాడు. బంధువులు దూరం నుంచి రావాలి కాబట్టి శవం పాడవకుండా నేలమాళిగలో మందులు పట్టించి, కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచారంటారు. ఆయనకు చుట్టలంటే ప్రాణం, భార్య మాత్రం ఇంట్లో కాల్చనిచ్చేది కాదట. అందుకే ఇప్పుడు తీరిగ్గా కాలుస్తున్నాడని, గదుల్లో చుట్ట వాసన వస్తుందని చెప్తారు. బల్ల మీద సర్దిన ఫోర్కులు తెల్లారేసరికి ఇంగ్లండ్ పద్ధతిలో బోర్లా తిరిగి ఉంటాయని ఇంకో కథ. గోల్కొండలో తారామతి గజ్జెల కథ వింటూ పెరిగినవాళ్లకు ఇదేం భయపెట్టదు. కాకపోతే ఇక్కడ దెయ్యానికి పేరూ ఉద్యోగమూ ఉన్నాయి, అది బాగుంది.

చికాగో నుంచైనా డెట్రాయిట్ నుంచైనా సుమారు 600 కి.మీ., ఆగకుండా పోతే ఏడు గంటల లోపు. చికాగోవాళ్లు తప్పే చోటు గడియారం: దారిలో టైమ్ జోన్ మారి ఒక గంట పోతుంది, అది లెక్కేసుకోకపోతే చేరేసరికి మ్యూజియం మూసేస్తారు. డెట్రాయిట్ దారిలో 8 కి.మీ. పొడవున్న మాకినాక్ వంతెన వస్తుంది, దానికి టోల్ ఉంది. హైవే దిగాక చివరి ఆరేడు కి.మీ. కంకర రోడ్డు. ఫోన్ సిగ్నల్ నమ్ముకోకుండా మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చీకటి పడ్డాక జింకలు రోడ్డుకు అడ్డం వస్తాయి, వెలుతురుండగానే బస చేరడం మేలు. శీతాకాలంలో మ్యూజియం మూత, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇబ్బంది లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు టవర్ ఎక్కకపోయినా నష్టం లేదు, సరస్సు కింది నుంచీ కనిపిస్తుంది. అవతలి ఒడ్డు మాత్రం కనిపించదు.

రాత్రి బసకు దగ్గర్లోని మానిస్టీక్ ఊరు చాలు. ఒడ్డు వెంబడి మామూలు మోటళ్లు దొరుకుతాయి. ఇబ్బందల్లా తిండితోనే. ఆ ప్రాంతపు ప్రసిద్ధ వంటకం పాస్టీ, మాంసం కూరిన పెద్ద కజ్జికాయ లాంటిది. శాకాహారులు పులిహోర కట్టుకెళ్తే నిశ్చింత.

నన్నడిగితే ఈ ప్రయాణానికి అసలు గిట్టుబాటు దగ్గర్లోని కిచిటికిపి ఊట. 12 మీటర్ల లోతు అడుగుదాకా కనిపించే పచ్చటి నీళ్లు, ఏడాది పొడవునా 7 డిగ్రీలే. నిమిషానికి 38 వేల లీటర్లకు పైగా ఊరుతుంది. తాడుకు కట్టిన తెప్పను చక్రం తిప్పుతూ మనమే నడుపుకోవాలి. స్టేట్ పార్కు కాబట్టి కారుకు పాస్ కొనాలి. పొద్దున్నే ఊట, మధ్యాహ్నం లైట్‌హౌస్ పెట్టుకుంటే తెప్ప దగ్గర క్యూ తప్పుతుంది.