ముదురు మామిడి మానుకు పురుగు పడితే: చువ్వా, మందా, పూతా – ఏది మేలు?

ముదురు మామిడి మాను మీద బెరడు పగిలి, జిగురు కారి, మొదట్లో రంపపు పొట్టు రాలి ఉండడం చూసిన రైతు సాధారణంగా నేరుగా మందుల దుకాణానికి వెళ్ళి ఏ మందు పూయాలని అడుగుతాడు. పురుగు చెట్టులో ఎక్కడ ఉందో తేలకముందే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం సాధ్యం కాదు. బెరడును ఆశ్రయించి బతికే పురుగుకు చేసే వైద్యం వేరు, చేవలోకి దిగిన పురుగుకు చేసేది వేరు, ఏ పురుగూ లేకుండా ట్రాక్టరు తగిలి బెరడు ఊడిన చోట చేయవలసినది వేరు. నూజివీడులోనైనా జగిత్యాలలోనైనా పాత తోట ఉన్నవారికి ఈ మూడూ తరచుగా ఒకే చెట్టు మీద కనిపిస్తాయి కనుక వాటిని కలగాపులగం చేయడం కూడా సులభమే.

కొమ్మలు చీలే పంగల దగ్గర, బెరడు మీద పాకినట్టుగా, పట్టుదారంతో అల్లుకున్న పొట్టు పట్టీలు కనిపిస్తే అది బెరడు తినే గొంగళి పురుగు పని. అది పగలు పంగలోని చిన్న బొరియలో దాక్కుని, రాత్రివేళ ఆ పట్టీ చాటున బయటికి వచ్చి బెరడును గీకి తింటుంది. జామ, రేగు, నేరేడు చెట్లనూ ఇది వదలదు. అదే పట్టీ దారం లేకుండా ఉత్త మట్టితో కట్టినదైతే అవి చెదలు. అవి ఎక్కువగా ఎండిన పైబెరడునే తింటాయి కాబట్టి, మట్టిని గీకివేసి, మొదట్లో ఎండుకట్టెలు లేకుండా శుభ్రం చేస్తే చాలావరకు సరిపోతుంది. అసలు భయపడవలసినది కాండం తొలుచు పురుగుకు. పొడవాటి మీసాలున్న పెద్ద పెంకు పురుగు బెరడు పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు తొలుత బెరడు కింద తిని, తరువాత కలపలోకి దిగి, నెలల తరబడి సొరంగం తవ్వుతూ వేలంత లావు అవుతుంది. రంధ్రంలోంచి పొట్టు, జిగురు బయటికి రావడం, ఒక్క కొమ్మ ఆకులు మాత్రమే పసుపెక్కడం దీని గుర్తులు.

ఈ రెండు పురుగుల విషయంలోనూ నా మొగ్గు ముందుగా ఇనుప చువ్వ వైపే. గొంగళి పురుగు బొరియ చిన్నది కనుక, పట్టీని గోనెగుడ్డతో తుడిచివేసి, సన్నని తీగ దూరిస్తే పురుగు అక్కడికక్కడే దొరుకుతుంది. దీనికి మందు ఖర్చు పెట్టడం చాలావరకు వృథా. కాండం తొలుచు పురుగు సొరంగం పొడవుగా, వంకర్లు తిరిగి ఉంటుంది కాబట్టి చువ్వ ప్రతిసారీ పురుగు దాకా వెళ్ళదు. సైకిల్ చువ్వ కొసను కొక్కెంలా వంచి లోపలికి తోస్తే పురుగు కొక్కేనికి చిక్కి బయటికి రావచ్చు, లేదా చువ్వ కొసకు తడి అంటి అది లోపలే చితికిందని తెలియవచ్చు. ఈ రెండూ జరగకపోతే అప్పుడు మందు సంగతి ఆలోచించాలి.

అక్కడ మూడు దారులు ఉన్నాయి. పెట్రోలులో తడిపిన దూదిని రంధ్రంలో కుక్కి బంకమట్టితో మూయడం మొదటిది. పెట్రోలు త్వరగా ఆవిరవుతుంది కనుక సొరంగమంతా పొగలా వ్యాపించి పురుగును చంపగలదు. కిరోసిన్ అంత త్వరగా ఆవిరి కాదు, జిడ్డుగా కలపను పట్టుకుని ఉంటుంది, అందుకే రెండింటిలో పెట్రోలే మెరుగు. ఏది వాడినా రంధ్రం దాటి పచ్చి బెరడు మీద ఒలికితే ఆ మేరకు బెరడు చచ్చిపోతుందని, చేతిలో బీడీ ఉన్నవాడు ఈ పనికి దిగకూడదని గుర్తుంచుకోవాలి. పురుగుమందును పిచికారీతో రంధ్రంలోకి ఎక్కించడం రెండవది. పాత కరపత్రాల్లో దీనికి డైక్లోరోవాస్ అని రాసి ఉంటుంది. మన దేశంలో 2020 డిసెంబరు 31తో ఆ మందును నిషేధించారు కాబట్టి, పాత సీసా ఇంట్లో మిగిలి ఉన్నా దాన్ని వాడరాదు. దాని బదులు ఏది వాడాలన్నది మీ మండల ఉద్యాన అధికారిని అడిగి, సీసా మీది చీటీలో మామిడి పేరు ఉందో లేదో చూసుకుని నిర్ణయించుకోవడమే సరైన పద్ధతి. మూడవది అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళ. తేమ తగలగానే ఫాస్ఫీన్ వాయువును విడుదల చేసే ఈ బిళ్ళ పురుగును నిస్సందేహంగా చంపుతుంది, కానీ ఆ విషానికి విరుగుడు మందు లేదు, దాని అమ్మకం మీద ప్రభుత్వ ఆంక్షలు ఉన్నాయి. ఒక చెట్టు కోసం అలాంటి బిళ్ళను ఇంటికి తేవడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను. పురుగులకు రోగం తెప్పించి చంపే బవేరియా వంటి శిలీంద్రాలను కొందరు వాడుతున్నారు; అవి పనిచేయడానికి తేమ, సమయం రెండూ కావాలి గనుక ముదిరిన దాడికి వాటినే నమ్ముకోలేము.

పురుగు సంగతి తేలిన తరువాతే పూత గురించి మాట్లాడాలి. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు శిలీంద్రాలను ఆపుతుంది కానీ లోపలి పురుగును చంపదు. బతికిన పురుగు ఉన్న రంధ్రం మీద దాన్ని పూయడం దొంగను లోపలే ఉంచి తలుపు గడియ పెట్టడంతో సమానం. ముందుగా పదునైన కత్తితో చచ్చిన, నల్లబడిన బెరడును పచ్చి అంచు తగిలేదాకా మాత్రమే చెక్కి, అంచులను నున్నగా చేయాలి. ఒక కిలో మైలుతుత్తాన్ని ఐదు లీటర్ల నీటిలో, ఒక కిలో సున్నాన్ని మరో ఐదు లీటర్లలో ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రల్లో వేర్వేరుగా కలిపి, తరువాత రెండింటినీ ఒకటి చేస్తే పేస్టు తయారవుతుంది. అందులో ముంచిన ఇనుప కత్తికి ఎర్రని పూత అంటితే ఇంకొంత సున్నం కలపాలి. ఆ రోజు కలిపినది ఆ రోజే వాడాలి. ఈ శ్రమ వద్దనుకునేవారు కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని నీటితో చిక్కగా కలిపి పూస్తారు. అది తేలికైన పని, ఒకటి రెండు చెట్లు ఉన్నవారికి చాలు. కానీ వర్షానికి బోర్డో నిలిచినంతగా నిలవదు కనుక తొలకరికి ముందు పూయవలసి వస్తే బోర్డోనే మేలు.

పేడ, బంకమట్టి పూత విషయంలో రెండు మాటలు చెప్పాలి. ట్రాక్టరు తగిలి అప్పుడే ఊడిన పచ్చి గాయాన్ని ఎండిపోకుండా కాపాడడానికి అది పనికివస్తుంది. జిగురు కారుతున్న చోట, ముఖ్యంగా బత్తాయి, నిమ్మ చెట్ల మొదట్లో వచ్చే బంక తెగులు మీద, దాన్ని పూయకూడదు. ఆ తెగులును కలిగించే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి తేమలోనే విజృంభిస్తుంది. ఇక తారు, వాడేసిన ఇంజన్ ఆయిలు, రంగు వంటివి ఎవరు చెప్పినా వాడవద్దు. అమెరికా అటవీ శాఖకు చెందిన అలెక్స్ షైగో వేలాది మానులను కోసి పరిశీలించి, గాయం మీద పూసిన రంగులు లోపలి కుళ్ళును ఆపవని చూపారు. చెట్టు తన గాయాన్ని మనిషి చర్మంలా మాన్పుకోదు. దెబ్బతిన్న కలపను చుట్టూ గోడ కట్టి వేరుచేసి, అంచుల నుంచి కొత్త బెరడును పెంచుకుంటుంది. ఆ అంచును ఎండనివ్వకుండా, నూనెలతో చంపకుండా ఉంచడమే మనం చేయగల ముఖ్యమైన సాయం. బెరడు మాను చుట్టూ సగానికి మించి పోయినప్పుడు మాత్రం ఏ పూతా చాలదు. పక్కన మొక్క నాటి దాని తలను గాయానికి పైన మానులో అంటుకట్టడం వంటి మార్గాలే మిగులుతాయి, అవీ చేయి తిరిగిన వారి చేతనే.

ముదురు తోటలను పునరుద్ధరణ కోసం తలలు నరికినవారు వీటన్నిటికంటే ముందు జాగ్రత్తపడాలి. నీడ పోయిన కొమ్మల బెరడు ఎండకు మాడి పగులుతుంది, ఆ పగుళ్ళే పెంకు పురుగుకు గుడ్లు పెట్టే చోటు. కోసిన ముఖాలకు అదే రోజు బోర్డో పేస్టు, మానుకు, ఎండ తగిలే కొమ్మలకు సున్నం పూత వేయడం తరువాత చువ్వ పట్టుకుని తిరగడం కంటే చాలా చౌక. పురుగు పట్టి సగం ఎండిన కొమ్మను వర్షాలకు ముందే కోసివేయాలి, కోసినదాన్ని తోటలో కుప్పగా వదిలిపెట్టక కాల్చివేయాలి. కట్టెల్లో మిగిలిన పురుగు అక్కడే పెరిగి, తొలకరి తరువాత పెంకు పురుగై మళ్ళీ పక్క చెట్టు మీదికే వస్తుంది.