ఆల్ప్స్ కొండల్లో మస్కట్ వైన్: గుంటూరోళ్ళకీ నచ్చుతుంది

మన గుంటూరు నుంచి ఇటలీ వెళ్ళేవాళ్ళు రోమ్, వెనిస్ చూసి వచ్చేస్తుంటారు కానీ వీలుంటే ఉత్తరాన ఆల్ప్స్ మధ్యలో ఉన్న బోల్జానో దాకా వెళ్ళండి, అక్కడి తెల్ల మస్కట్ (మంచి సువాసనుండే ఒక ద్రాక్ష జాతి) వైన్ కోసమైనా సరే. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆ ప్రాంతం ఆస్ట్రియాది, అందుకే సీసా మీద ఒక్కోసారి జర్మన్‌లో గోల్డ్‌ముస్కటెల్లర్ అనీ, ఒక్కోసారి ఇటాలియన్‌లో మోస్కాటో జాల్లో అనీ ఉంటుంది, రెండూ ఒకటే.

మేం కూర్చున్న చిన్న షాపులో ఆవిడ ఓపిగ్గా ఒక్కోటీ పోసి చెప్పింది. గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే అచ్చం మన పన్నీరు ద్రాక్ష వాసన! అదీ మస్కట్ కుటుంబానిదేలెండి. ఈ సువాసనకి ముఖ్య కారణం లినలూల్ అనే సుగంధ పదార్థం, ధనియాల్లో ఉండేది కూడా అదే. వాసన చూసి తియ్యగా ఉంటుందనుకుంటాం, కానీ డ్రై రకంలో తీపి దాదాపు ఉండదు, చివర్లో చిరుచేదు తగులుతుంది, నాకు తెగ నచ్చింది అదే.

తీపి కావాలా? వాయవ్య ఇటలీలోని పీడ్‌మాంట్ వైపు మోస్కాటో దాస్తి అనే మస్కట్ వైన్ అడగండి, ఆల్కహాల్ 5 శాతం అటూఇటూ, సన్నటి బుడగలు. బాగా చల్లగా తాగాలి. మన మిరపకాయ బజ్జీ కారానికి మాత్రం ఈ తీపిదే జోడీ.