పాత కొట్టు: నిలబెట్టాలా, పడగొట్టాలా?

రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డులో కింద కొట్టు, పైన కాపురం ఉండే పాత మేడ ఒకటి మీ వాటాకు వచ్చిందనుకోండి. దారులు రెండే: బాగు చేయించుకోవడం, లేదా పడగొట్టి కాంక్రీటు కాంప్లెక్సు లేపడం.

కాగితం మీద లెక్క వేస్తే రెండోదే గెలుస్తుంది. అంతస్తులు పెరుగుతాయి, అద్దెలూ పెరుగుతాయి. ఇందులో దాచేదేమీ లేదు.

మొదటిదాన్ని తూచాలంటే మాత్రం లోపలికి వెళ్లి తల పైకెత్తాలి. టేకు దూలాలు, వాటి మీద వాసాలు, ఆపైన పలుచని ఇటుకలను నిలబెట్టి సున్నంతో ఐమూలగా పేర్చిన మిద్దె. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల్లో ధాన్యం పడవలు తిరిగాక డెల్టాలో పెరిగిన వ్యాపారానికి ఇలాంటి కొట్లే ఆనవాళ్లు. గల్లాపెట్టె పక్కన గుంజ చూడండి, తరాల చేతులు తాకి అద్దంలా నునుపెక్కి ఉంటుంది. కొత్త భవనంలో అది ఏ ధరకూ రాదు.

మరమ్మతు తేలికని చెప్పను. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడమే గగనం. అందుకే చాలామంది సిమెంటు పూత పూయిస్తారు. దాంతో నేలలోంచి గోడకెక్కిన చెమ్మ బయటికి పోయే దారిలేక ఇటుకను లోపలే తినేస్తుంది. అలాంటి బాగుకన్నా పడగొట్టడమే నయం!

దూలాలకు చెదపట్టి, పునాది కుంగితే తప్ప నా ఓటు మరమ్మతుకే. అద్దెల ఆశ ఉంటే వెనక పెరట్లో అంతస్తులు లేపుకోండి. వీధివైపు అరుగునూ, చెక్క తలుపులనూ ఉండనివ్వండి.