పారిస్ టు యాంకాస్టర్: చివరి బురదను చూసి సైకిలు కట్టుకోవాల్సిన రేసు

ఈ రేసు 1994లో మొదలైంది. అప్పటికి కంకర దారులకని వెడల్పు టైర్లతో చేసే గ్రావెల్ బైకు అనే సరుకు దుకాణాల్లో లేదు. ఫ్రాన్సులో రాళ్ళు పరిచిన రోడ్ల మీద సాగే పారిస్–రూబే సైకిల్ రేసు మీద మోజుతో పుట్టిందే అయినా ఈ పారిస్ మాత్రం కెనడాలో, ఒంటారియోలో, గ్రాండ్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఇక్కడ గుండ్రాళ్ళు రోడ్ల మీద కాదు, పాత ఇళ్ళ గోడల్లో కనిపిస్తాయి. రూబేలో రాళ్ళు చేసే పనిని ఇక్కడ ఏప్రిల్ బురద చేస్తుంది. యాంకాస్టర్ ఊళ్ళో ముగిసే ఈ రేసు ఏటా ఏప్రిల్ చివర్లో జరుగుతుంది. రూటూ దూరాలూ ఏడాదికేడాది కొంచెం మారుతుంటాయి గానీ ఎక్కువమంది లెక్కలోకి తీసుకునేది 70 కిలోమీటర్ల రేసునే. 100 కిలోమీటర్లదీ, కొత్తవాళ్ళకు సరిపోయే చిన్నవీ కూడా ఉంటాయి.

ముందే చెప్పేస్తున్నాం: రోడ్డు, గ్రావెల్, మౌంటెన్ బైకింగు మూడూ నిజంగా పని చెప్పే రేసు కావాలంటే దీన్ని మించింది చుట్టుపక్కల దొరకడం కష్టం. అయితే దూరం చూసి మాత్రం అంచనా వెయ్యకూడదు. మొదటి 50 కిలోమీటర్లు ఎంత జోరుగా తొక్కినా, చివర్లో అడవిలోంచి దిగే బురద దారుల్లో డీరైలర్ (గేరు మార్చే భాగం) విరిగిందంటే ఆ జోరంతా వృథా.

ముందుగా వచ్చేది తారు వేసిన పల్లె రోడ్లు, కంకర రోడ్లు, పాత రైలు కట్టల మీద వేసిన దారులు. టొరంటో, హామిల్టన్ అండ్ బఫెలో రైల్వే కట్ట మీద వేసిన హామిల్టన్–బ్రాంట్‌ఫర్డ్ దారి మొత్తం 32 కిలోమీటర్లు. రేసు అందులో కొంత భాగం వాడుకుంటుంది. రైలు కట్ట కాబట్టి ఎక్కుడు దాదాపు ఉండదు, మలుపులూ తక్కువే. పైన పరిచింది గట్టిపడిన రాతిపొడి. పొడిగా ఉంటే గుంపులో గంటకు 35 కిలోమీటర్లు సులువుగా దాటేస్తారు. తడిసిందంటే అదే పొడి చక్రాన్ని వెనక్కి లాగుతుంది, చెయిన్లోకి దూరి ఉప్పుకాగితంలా అరగదీస్తుంది.

ఈ దారుల మీద అసలు ప్రమాదం వేగం కాదు. రోడ్డు అడ్డొచ్చిన ప్రతిచోటా కార్లు లోపలికి రాకుండా గేట్లో, నిలువు స్తంభాలో పాతి ఉంటాయి. గుంపులో ఆరో వాడిగానో ఏడో వాడిగానో వెళ్తున్నవాడికి ముందు వీపులు తప్ప ఏమీ కనపడవు. చౌరస్తా దగ్గరపడుతుంటే ముందు చక్రానికి కనీసం ఒక సైకిలు పొడవు ఎడం పెట్టుకుని, చేతులు బ్రేకుల మీద ఉంచాలి. ముందున్నవాళ్ళు చెయ్యి చూపిస్తే మీరూ వెనకవాళ్ళకి చూపించాలి. తారు రోడ్ల మీదా అంతే. చౌరస్తాల్లో వాలంటీర్లు నిలబడతారు గానీ, ఎదురుగా కారు వస్తుందనే అనుకుని తొక్కాలి. మధ్య గీత దాటకూడదు.

ఆ తరవాత పొలాల గట్లు, అడవి దారులు. వీటిలో కొన్ని సొంత భూములు. రేసు కోసం రైతులు దారి ఇస్తేనే అక్కడ అడుగు పెట్టగలం. తొక్కుతూ తినే జెల్ ఖాళీ కవరు అక్కడ పారేసేవాళ్ళ మీద మాకు ఏ జాలీ లేదు. జెర్సీ వెనక మూడు జేబుల్లో ఒకటి చెత్తకే వదిలెయ్యండి.

చివరి భాగంలో వచ్చే బురద దిగుళ్ళే ఈ రేసుకు పేరు తెచ్చాయి. శీతాకాలమంతా గడ్డకట్టిన నేల అప్పుడే కరిగి, చెట్ల నీడలో నీళ్ళు ఇంకా వదలకుండా ఉంటుంది. బంకమట్టి అది. వాన పడ్డాక నల్లరేగడి చేలో సైకిలు నడిపించినవాళ్ళకి ఆ బురద సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు: చక్రం ఒక్కో చుట్టుకు ఒక్కో పొర కట్టుకుంటూ పోయి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కింద బిగుసుకుని ఆగిపోతుంది. వానల్లేని ఏడు ఇవే దిగుళ్ళు గట్టినేలలా ఉంటాయి, ఎక్కడా దిగకుండా తొక్కేయొచ్చు. అందుకే టైర్ల నిర్ణయం రేసుకు వారం, పది రోజుల ముందు కురిసిన వాన చూసి తీసుకోవాలి. నెల ముందే తేల్చుకోవడం తొందరపాటు.

ఏ సైకిలు అనే ప్రశ్నకు మా జవాబు: 40 మి.మీ. టైరు పట్టే గ్రావెల్ బైకు. టైరుకూ ఫ్రేముకూ మధ్య రెండు పక్కలా కనీసం 6 మి.మీ. సందు ఉండాలి. ఫ్రేములో 45 మి.మీ. టైరు పడుతుంది కదా అని అదే ఎక్కిస్తే బురదకు చోటుండదు. తడి ఏడాది 38 ఎక్కించడమే మంచిది. మధ్యలో నునుపుగా, అంచుల్లో బొడిపెలు ఉన్న టైరు పొడి ఏడాదికి సరి. బురదకు బొడిపెల మధ్య ఎడం ఎక్కువున్నది కావాలి, అప్పుడే మట్టి దానంతటదే రాలిపోతుంది. హార్డ్‌టెయిల్ ఎంటీబీ (ముందు ఫోర్కుకే స్ప్రింగు ఉండే మౌంటెన్ బైకు) తెచ్చుకున్నవాళ్ళు తారు మీద వెనకబడతారు, దిగుళ్ళలో ఆ లోటు తీర్చుకుంటారు. కొత్తవాళ్ళకి అదే మేలు. రోడ్డు మీద ఫోర్కు లాక్ చేసుకోవడం మరవకండి.

గాలి సంగతి. 70 కిలోల మనిషికి, 40 మి.మీ. ట్యూబ్‌లెస్ టైరుకి ముందు 30, వెనక 32 పీఎస్ఐతో మొదలుపెట్టండి. బరువు ప్రతి 5 కిలోలు పెరిగితే ఒక పీఎస్ఐ కలపండి. ట్యూబులతో వచ్చేవాళ్ళు రాళ్ళ దగ్గర ట్యూబు రిమ్ముకు నొక్కుకుని రెండు చీలికలు పడకుండా ఇంకో 6 పీఎస్ఐ ఎక్కువ పెట్టుకోవాలి, ఆ మేరకు పట్టు తగ్గుతుందని ఒప్పుకోవాలి. ట్యూబ్‌లెస్‌లో ఇంకో చిక్కుంది. ఇది సీజను మొదట్లో వచ్చే రేసు. సైకిలు నవంబరు నుంచి గరాజులో నిలబడి ఉంటుంది, సీలెంటు (చిన్న చిల్లులు మూసే ద్రవం) ఈపాటికి ఎండి రబ్బరు ముద్దయి ఉంటుంది. టైరు ఒక పక్క విప్పి, ముద్దలు తీసేసి, ఒక్కోదానికి 60 నుంచి 80 మి.లీ. కొత్తది పొయ్యండి. వాల్వు కోర్ కూడా తీసి చూడండి, అందులోనూ గడ్డకడుతుంది.

ఇక హ్యాంగరు. వెనక డీరైలర్‌ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క ఇది. ఫ్రేము విరక్కుండా తాను విరిగేలాగే చేస్తారు. ఈ రేసులో ఇంటికి పంపించే లోపాల్లో మొదటిది ఇదే. జరిగే తీరు ఇలా ఉంటుంది: బురదతోపాటు ఎండుగడ్డి, సన్న పుల్లలు డీరైలర్‌లోని చిన్న చక్రాల చుట్టూ పేరుకుంటాయి. చెయిను ముందుకు కదలనని మొరాయిస్తుంది. రైడరు అది తన కాళ్ళ నీరసం అనుకుని ఇంకా బలంగా తొక్కుతాడు. చెయిను డీరైలర్‌ని పైకి, వెనక్కి లాగేస్తుంది, హ్యాంగరు పుటుక్కుమంటుంది, ఒక్కోసారి డీరైలర్ చక్రం ఆకుల్లోకి (స్పోకుల్లోకి) కూడా వెళ్తుంది. పెడలు హఠాత్తుగా బరువెక్కిందంటే వెంటనే దిగాలి. ఒక పుల్లతో చిన్న చక్రాల సందులు గోకి, పెడలు చేత్తో వెనక్కి రెండు చుట్లు తిప్పి, గడ్డి లాగేసి అప్పుడు ఎక్కాలి. నిమిషం పోతుంది, రేసు మిగులుతుంది. సీటు బ్యాగులో మీ ఫ్రేముకు సరిపోయే హ్యాంగరు ఉండాలి. ఇవి ఫ్రేముకో రకం, పక్కవాడిది మీకు పట్టదు. దాంతోపాటు మీ చెయిన్ స్పీడుకు సరిపోయే క్విక్ లింకు (తెగిన చెయిను కలిపే లింకు), చెయిన్ టూలు, ఒక ట్యూబు, టైరు లివర్లు రెండు, చిన్న పంపు.

ఫ్రేము కింది గొట్టానికీ, ఫోర్కు లోపలికీ సిలికాన్ స్ప్రే కొడితే మట్టి త్వరగా పట్టదు. డిస్కు మీద ఒక్క చుక్క పడినా బ్రేకులు గోవిందా, గుడ్డ కప్పి కొట్టండి. పూర్తి మడ్‌గార్డులు మాత్రం పెట్టకండి, వాటి కిందే బురద బిగుస్తుంది. బ్రేకుల్లో ఆర్గానిక్ ప్యాడ్లు తడి ఇసుకలో చూస్తుండగా అరుగుతాయి. సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) రకం కీచుమంటుంది, అయినా నిలబడుతుంది. ప్యాడు మీద సరుకు 1 మి.మీ. దగ్గరికి వచ్చిందంటే రేసుకు ముందే మార్చెయ్యాలి.

బూట్లు ఎంటీబీవే, రెండు మరల ఎస్‌పీడీ క్లీట్లతో (పెడల్లో బిగుసుకునేలా బూటు కింద ఉండే ముక్కలు). దిగుళ్ళలో ఎంతోమంది దిగి నడుస్తారు, మీరూ నడుస్తారు. మూడు మరల రోడ్డు క్లీట్లతో బురదలో పది అడుగులు వేస్తే అరికాలు కింద మట్టి గడ్డ తయారవుతుంది, ఆ తరవాత పెడలు పట్టదు. నడిచేటప్పుడు సైకిలు దొర్లిస్తే మళ్ళీ చక్రాలు నిండుతాయి, భుజానికెత్తుకోవాలి. సైకిలెక్కి దిగాలనుకున్నవాళ్ళు బరువు వెనక్కి పెట్టి, ముందు బ్రేకు వదిలేసి, వెనక బ్రేకు తేలిగ్గా పట్టి, చక్రాన్ని తిన్నగా పోనివ్వాలి. దారి మధ్యలో అంతమంది తొక్కి చేసిన గాడి కన్నా అంచున గడ్డి ఉన్నచోట పట్టు ఎక్కువ.

ఆఖరి పరీక్ష డుండాస్ లోయలోంచి యాంకాస్టర్ వైపు లేచే మార్టిన్ రోడ్డు ఎక్కుడు. తాజా కాళ్ళతో అయితే గొప్ప కొండేమీ కాదు, కానీ అది వచ్చేసరికి అప్పటికే బురద మోసి ఉంటారు. ముందు 40 పళ్ళ చైన్‌రింగు, వెనక 11 నుంచి 42 పళ్ళ దాకా ఉన్న క్యాసెట్టు (పళ్ళ చక్రాల కట్ట) ఉంటే కూర్చునే ఎక్కొచ్చు. రోడ్డు సైకిలైతే ముందు 34, వెనక 28 పళ్ళ గేరుతో నిలబడి తొక్కాలి, వెనక చక్రం తడిగా ఉంటే జారుతుంది.

టొరంటో పక్కన బ్రాంప్టన్, మిసిసాగాల్లోని మన తెలుగువాళ్ళలో వేసవికని కొన్న రోడ్డు సైకిళ్ళే చాలామందికి ఉంటాయి. 28 మి.మీ. మించి పట్టని ఫ్రేముతో ఈ రేసుకు రావద్దు. ఆ రోజుకు హార్డ్‌టెయిల్ ఒకటి అద్దెకో అరువుకో తెచ్చుకోండి.

అసౌకర్యాలు రెండు. మొదటిది స్టార్టు: వేవ్‌లుగా, అంటే బృందాలుగా వదులుతారు, వెడల్పు రోడ్డు నుంచి సన్న దారిలోకి మళ్ళినచోట అందరూ ఒకేసారి ఆగుతారు. నమోదులో వేగం ఎక్కువ రాసి ముందు వేవ్‌లోకి వచ్చినవాళ్ళ వల్లే ఆ తొక్కిసలాట. రెండోది, మొదలయ్యేది ఒకచోట, ముగిసేది ఇంకోచోట. కారు యాంకాస్టర్లో పెట్టి షటిల్ బస్సులో స్టార్టుకు చేరడం తేలిక, ఆ సీటు నమోదుతోపాటే చూసుకోండి. రెండు కార్లతో వచ్చేవాళ్ళు ఒకటి ముందురోజే అక్కడ వదలాలి. ఏప్రిల్ పొద్దున చలి సున్నా దగ్గర ఉండి, మధ్యాహ్నానికి 15 డిగ్రీలకు పోవచ్చు; పొడి బట్టలు, తువ్వాలు, పాత దుప్పటి ముగింపు దగ్గరి కార్లో ఉండాలి. నీళ్ళ సీసాలకు మూత ఉన్నవి ఎంచుకోండి, లేదంటే పొలాల్లో పడ్డ ఎరువు కూడా నోట్లోకి వస్తుంది.

ఇంటికొచ్చాక ప్రెషర్ వాషరును హబ్బుల మీదికీ, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు) మీదికీ గురిపెట్టకండి, నీళ్ళు సీలు దాటి బేరింగుల్లోకి వెళ్తాయి. మామూలు గొట్టం, బ్రష్షు, సబ్బునీళ్ళు చాలు. ఆరాక చెయిన్ గేజు (చెయిను సాగుడు కొలిచే పనిముట్టు) పెట్టండి. 11, 12 స్పీడు చెయిను 0.5 శాతం చూపిస్తే అదే రోజు మార్చెయ్యండి, లేకపోతే తరవాత క్యాసెట్టు కూడా కొనాల్సొస్తుంది.